నాన్నకు సర్కారు పలక

అమ్మకి మతి చలించిందని టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూచునే మావిస్ అన్నదట. ఆ మాటను డల్సీ పిన్ని మోసుకొచ్చింది, గుడ్లబుట్ట తిరిగిచ్చే వంక పెట్టుకుని.

"నేనన్నది కాదు తల్లీ, అదన్నదే చెబుతున్నా. 'రాని పలకకి ఎనిడ్ దిమ్మె కట్టించింది చూశావా, శ్మశానంలో మాంసం కొట్టే మొద్దులా కూచుంది. మొగుడు పోతే ఏడ్చేవాళ్ళని చూశాగానీ, గవర్నమెంటుని ఊరికే రాయి పెట్టమని అడుక్కునేదాన్ని ఇప్పుడే చూస్తున్నా' అందట. లేదు పొమ్మని మెల్‌బోర్న్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని కూడా చెప్పింది. మీ ఇంటి ఉత్తరం దానికెలా తెలిసిందో మరి!"

"కవరు దీపం ముందు పెట్టి చదివుంటుంది," అంది అమ్మ, పిండి పిసకడం ఆపకుండానే. "దిమ్మె కట్టించలేదు, నేనే పోశానని చెప్పు దానికి. నాలుగు పాళ్ళ ఇసక, ఒక పాలు సిమెంటు. కొలతలు ఆఫీసు వాళ్ళ కాయితంలోవే. బోల్టులకి నాలుగు కన్నాలు కూడా వదిలా."

"అదే కదా ఎనిడ్ అందరూ నవ్వుతున్నది! లేదన్నాక ఇంకా కన్నాలెందుకు?"

"బిగించడానికి."

అది యాభై ఎనిమిది నవంబరు. గోధుమ పండి, గాలి కదిలితే గలగలమంటోంది. నాన్న పోయి నాలుగు నెలలు. మాకు చలికాలమైన జూలైలో ఓ పొద్దున పాలు పితుకుతూ దగ్గాడు. చెంబులో పాలు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నానికి పోయాడు. సిగరెట్లు తాగి తాగి పోయాడని ఊరు తీర్మానించింది. నాన్న ఛాతీలో, ఊపిరితిత్తి పక్కన, న్యూగినీ యుద్ధంలో దిగిన ఇనప ముక్క ఒకటుందని మా సైనికుల పేటలో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

యుద్ధంలోనే పోయినవాడికి పలక దానంతటదే వస్తుంది. బతికి ఇంటికొచ్చి ఏళ్ళ తర్వాత పోయినవాడికి రావాలంటే, ఆ చావు యుద్ధం వల్లే వచ్చిందని ఆఫీసు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కంచు పలక పంపిస్తారు. పైన సైన్యం గుర్తు, కింద నంబరు, పేరు, పోయిన తేదీ, వయసు. శ్మశానంలో ఎడమవైపు వరస అలా పలక వచ్చినవాళ్ళది. అక్కడ గడ్డి కూడా సర్కారే కోయిస్తుంది. ఒప్పుకోకపోతే కుడివైపు, చెదలు తినే కర్ర శిలువ.

అమ్మ చేతులు తుడుచుకుని, ఉత్తరం తెచ్చి పిన్ని ముందు పెట్టింది. ఛాతీ గాయం పూర్తిగా మానిందనీ, తనకు ఏ బాధా లేదనీ క్లెమెంట్ హాడ్రెల్ 1946లో భూమి కోసం రాసిచ్చిన ప్రకటన ఉంది. ఆ తర్వాత ఏ వైద్యుడి దగ్గరా చికిత్స పొందిన దాఖలా లేదు. కాబట్టి వీలుపడదు. కొత్త ఆధారాలేవైనా ఉంటే డిసెంబరు ఆఖరులోగా పంపవచ్చు. అంతే ఉత్తరం.

"నీ డబ్బుతో నువ్వు పెట్టించుకో ఎనిడ్," అంది పిన్ని, గొంతు తగ్గించి. "నల్లరాయి, బంగారు అక్షరాలు. క్లెమ్‌కి అదే గౌరవం."

"రేపే కొంటా, పావురం బొమ్మతో సహా. నేను కొన్న రాయి మీద నా మాట ఉంటుంది. నా మాట ఎవడు నమ్ముతాడు? సిగరెట్లు అనేవాడు సిగరెట్లే అంటాడు. యుద్ధానికి పంపినవాళ్ళే రాయాలి, యుద్ధమే చంపిందని."

పిన్ని ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. ఆమె మొహంలో రంగు ఎందుకు మారిందో నాకు తెలుసు. నలభై ఆరు నాటి ఆ కాయితం మీద నాన్న సంతకం కింద సాక్షి సంతకం ఆర్చీ బాబాయిది. అంటే ఆమె మొగుడిది. నాన్నా ఆయనా ఒక తల్లి పిల్లలు కారు, సైన్యంలో ఒకే ప్లటూన్ వాళ్ళు. పక్కపక్క కమతాలు.

మా పేటలో సైనికులకు పంచిన కమతాలు పన్నెండు. నిండు ఆరోగ్యం ఉన్నవాడికే భూమి అన్నారు, అదీ పన్నెండేళ్ళు కౌలుకి, ఆ తర్వాతే సొంత పట్టా. రైలు స్టేషను పక్క హాల్లో పన్నెండుమందీ వరస కట్టి, ఒకడి కాయితానికి ఒకడు సాక్షి సంతకం పెట్టుకున్నారు. రెజ్ థర్కెల్‌కి ఎడమ కాలికి వేళ్ళు లేవు. బూటులో గుడ్డలు కుక్కుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కవాతు చేసి చూపించాడు. ఇంకొకడికి రెండు చెవులూ పోయాయి. అధికారి పెదాలు చూస్తూ జవాబులు చెప్పి, "వినికిడి శ్రేష్ఠం" అని రాయించుకున్నాడు. ఈ కథలు మా చిన్నప్పుడు పండగ భోజనాల దగ్గర పదేపదే వినేవాళ్ళం, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ.

నవ్వించని సంగతి ఇంకోటుంది. సంతకం పెట్టినవాడు ఆ తర్వాత డాక్టరు గడప తొక్కడానికి లేదు. ఊరి డాక్టరు రాసే పుస్తకం ఎప్పటికైనా భూమి ఆఫీసుకు చేరుతుందని అందరి భయం. అందుకని మా పేట మగవాళ్ళంతా పశువుల డాక్టరు గాస్కిన్‌ని పిలిపించుకునేవాళ్ళు. ఆయనా గొర్రెల్ని చూడ్డానికి వచ్చినట్టే వచ్చి, కొట్టంలో సూది పొడిచి, టీ తాగి వెళ్ళేవాడు.

*

మగవాడు పోయిన ఇంటి పంటను పేటంతా కలిసి కోసిపెట్టడం మా దగ్గర మామూలు. పిలవక్కర్లేదు. ఎందుకొచ్చారని అడక్కూడదు కూడా. డిసెంబరు మొదటి శనివారం, మంచు ఆరేసరికి తొమ్మిది కోత యంత్రాలు మా గేటు దాటాయి. నేను లారీ తోలాను. పొలం నుంచి రైలుకట్ట పక్కనున్న సిమెంటు గాదెకి, గాదె నుంచి పొలానికి. ఒంటిగంటకి మూడొంతుల పొలం బోడి అయింది.

భోజనం లారీ నీడలో. ఉప్పులో ఊరిన గొడ్డుమాంసం, ఆవ పచ్చడి, రొట్టెలు, ఎండుద్రాక్ష కేకు. ఈగల్ని ఒక చేత్తో తోలుకుంటూ రెండో చేత్తో తింటున్నారు. అమ్మ అందరికీ టీ పోసి, కెటిల్ కింద పెట్టి నిలబడింది.

"మీరందరూ ఒకచోట దొరికారు కాబట్టి అడుగుతున్నా. క్లెమ్ పలకకి సాక్ష్యం కావాలి. ఆర్చీ, ఆ కాయితం మీద రెండో సంతకం నీది. ఆ రోజు క్లెమ్ ఎలా ఉన్నాడో నువ్వు రాసిస్తే చాలు."

నములుతున్న దవడలు ఆగాయి. బాబాయి టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

"మార్చిలో పట్టాలొస్తున్నాయి ఎనిడ్," అన్నాడు చివరికి. "పన్నెండేళ్ళ చాకిరీ. మూడు నెలలుంది. అబద్ధమాడి భూమి తీసుకున్నామని ఇప్పుడు మాకు మేమే రాసిచ్చుకోమంటావా?"

"నీ ఒక్కడి గురించే అడుగుతున్నా. అదీ క్లెమ్ కాయితం మట్టుకే."

"ఒక దారం లాగితే ఒకటే వస్తుందా? నా కాయితం మీద సాక్షి క్లెమ్. రెజ్‌ది నేను పెట్టా. అదిగో, వాడి దగ్గర్నుంచి వీడు."

రెజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకేదైనా అడుగు ఎనిడ్. నీ వెనక కంచె కొత్తగా వేసిపెడతాం. వాన నీళ్ళ ట్యాంకు మార్చేస్తాం. చెప్పు, ఇవాళే మొదలెడతాం."

"కంచె బాగానే ఉంది రెజ్."

"నీ పట్టా కూడా పోతుందే పిచ్చిదానా!" బాబాయి గొంతు పెరిగింది. "క్లెమ్ కౌలు ఇప్పుడు నీ పేరు మీదుంది. కాయితం అబద్ధమంటే ముందు ఊడేది నీ భూమే. అది ఆలోచించావా?"

"ఆలోచించా. పోతే పోనీ."

ఆ మాటకి అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడ్డది నేను. గట్టు పక్క బాబాయి నాగలి జానెడు ఇటు జరిగితే టేపు పట్టుకుని పరుగెత్తే మనిషి మా అమ్మ. ద్రాక్ష తోటల కూలీల గుడారాల్లో పుట్టింది. ఈ ఇంటికి తలుపులు బిగించక ముందే గేటుకి పేరు బోర్డు బిగించింది. ఆమె నోటి వెంట "పోతే పోనీ" అనే మాట నేను అప్పటిదాకా వినలేదు.

"కేకు ఇంకో ముక్క తీసుకో ఆర్చీ," అంది అమ్మ.

బాబాయి తీసుకోలేదు. సాయంత్రానికి చివరి గింజ దాకా కోసి, యంత్రాలు వరసగా వెళ్ళిపోయాయి. మామూలుగా అయితే కోత ముగిశాక బీరు తాగి, పాటలు పాడి వెళ్తారు. ఆ రోజు ఎవరూ ఇంజన్ ఆపలేదు.

*

సోమవారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని గాస్కిన్ ఇంటికి పోయింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. వరండాలో ఒట్టి బనీనుతో కూచుని బఠానీలు ఒలుస్తున్నాడు. అమ్మ విషయం చెప్పింది. ఆయన లోపలికి వెళ్ళి, పేడ మరకల నల్ల అట్ట పుస్తకం తెచ్చాడు. ఒక్కో కమతానికి ఒక్కో పేజీ.

"ఇదిగో మీది. 'హాడ్రెల్. ముసలి పొట్టేలు. రొమ్ములో పట్టు, దగ్గు, నెత్తురు జీర. పెన్సిలిన్.' మళ్ళీ ఇదిగో. మళ్ళీ. పదకొండేళ్ళలో నలభై మూడుసార్లు."

"మనకి గొర్రెలే లేవు కదా," అన్నాను. నాన్నకి గొర్రెలంటే గిట్టదు. ఒక ఆవు, కోళ్ళు, అంతే.

"అందుకేనమ్మాయ్, మీ పొట్టేలు ఇన్నేళ్ళయినా బొచ్చు కత్తిరింపుకి రాలేదు," అన్నాడు గాస్కిన్. తర్వాత నవ్వు ఆపి అమ్మ వైపు చూశాడు. "ఎనిడ్, ఈ పుస్తకంలో బతికున్న పొట్టేళ్ళు ఇంకా తొమ్మిదున్నాయి."

"నా పేజీ ఒక్కటే చాలు."

ఆయన గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చి, పేజీని కుట్టు దాకా శుభ్రంగా కత్తిరించి, కింద సంతకం పెట్టాడు.

"మీకు ఇబ్బంది రాదా?" అని అడిగాను.

"మనుషుల్ని చూశానని నా లైసెన్సు పీకుతారు. పీకనీ. నా చెయ్యి వణుకుతోందని ఆవులకి కూడా తెలిసిపోయింది."

అమ్మ ఆ పేజీ పెట్టి ఉత్తరం రాసింది. ఎక్స్చేంజి పక్కన మావిసే చూసుకునే పోస్టాఫీసులోనే వేసింది. ఉత్తరాన్ని నల్ల కాయితంలో చుట్టి, కవరుకి నాలుగువైపులా మైనం అంటించి, "దీపం ముందు పెట్టినా కనబడదు మావిస్, శ్రమ పడకు," అని చెప్పి మరీ వేసింది.

*

క్రిస్మస్‌కి ఆరు రోజుల ముందు మెల్‌బోర్న్ నుంచి ఓర్మ్ అనే అధికారి వచ్చాడు. నీడలోనే నూట నాలుగు డిగ్రీల ఎండ. అయినా కోటు విప్పలేదు. వంటింటి బల్ల దగ్గర కూచుని, గాస్కిన్ పేజీని రెండుసార్లు చదివి, కిటికీలోంచి బయటికి చూశాడు. కోసేసిన పొలం, కోళ్ళు, ఆవు.

"దీని ప్రకారం మీ ఇంటి పొట్టేలుకి పదకొండేళ్ళు దగ్గు."

"అవును," అంది అమ్మ.

"ఆ పొట్టేలు ఇప్పుడెక్కడుంది?"

"శ్మశానంలో. ఎడమవైపు వరసలో చోటు ఖాళీగా ఉంచా, దిమ్మె కూడా పోశా. కుడివైపు నుంచి మార్చడానికి మీ ఆఫీసు ఒక సంతకం చెయ్యాలి."

ఓర్మ్ మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వో ఏమిటో తెలియలేదు. పెన్ను బల్లమీద పెట్టాడు.

"చూడండమ్మా. నేను నమ్ముతున్నాను. నా నమ్మకంతో పని జరగదు. పశువుల డాక్టరు మాటని వైద్యుడి మాట కింద తీసుకోలేను. అటు చూస్తే మీ భర్త స్వయంగా రాసిచ్చిన ప్రకటన, సాక్షితో సహా, గట్టిగా ఉంది. దాన్ని సాక్షి కాదంటే తప్ప..."

"అంటాడు," అంది అమ్మ.

"ఎప్పుడు?"

"టీ తాగండి."

అంత ధీమాగా ఎలా చెప్పిందో నాకిప్పటికీ అర్థం కాదు. బాబాయి పదిహేను రోజులుగా మా ఇంటి ఛాయలకే రాలేదు. ఓర్మ్ రెండో కప్పు కూడా తాగాడు. మూడోది వద్దన్నాడు. గడియారం చూసుకుని కాయితాలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. నాలుగు గంటల రైలు అందుకోవాలి ఆయన.

అప్పుడు గేటు దగ్గర లారీ ఆగింది. గింజతో నిండుగా ఉంది. స్టీరింగ్ దగ్గర డల్సీ పిన్ని. ఇంజన్ ఆపలేదు, దిగలేదు, మావైపు చూడనూ లేదు. అటుపక్క నుంచి బాబాయి దిగి, ఒళ్ళంతా పొట్టుతో, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"గాదె దగ్గర లైను పెద్దదుంది. తొందరగా చెప్పి పోతా," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "పేరు ఆర్చిబాల్డ్ ట్రెలోర్. ఆ కాయితం మీద సాక్షి సంతకం నాది. అందులో ఉన్నది అబద్ధం. హాల్లోకి పోయే ముందు గోడ పక్కన క్లెమ్ దగ్గి, రుమాల్లోకి నెత్తురు ఉమ్మాడు. ఆ రుమాలు వాడి జేబులో ఉంటే కనబడుతుందని నా జేబులో పెట్టుకున్నా. వాడు లోపలికెళ్ళి, తనంత ఆరోగ్యవంతుడు లేడని సంతకం చేశాడు. నేను కింద పెట్టా."

ఓర్మ్ సంచి విప్పి, కాయితం తీసి, ప్రతి మాటా రాసుకున్నాడు. చదివి వినిపించాడు. బాబాయి ప్యాంటుకి చేతులు తుడుచుకుని సంతకం చేశాడు.

"ట్రెలోర్ గారూ, మీకూ ఇక్కడే కమతం ఉంది కదా?"

"ఉంది."

"మీ ప్రకటన మీద సాక్షి ఎవరు?"

"క్లెమ్."

ఓర్మ్ బాబాయిని పైనుంచి కిందదాకా ఒకసారి చూశాడు. తర్వాత పెన్ను మూత తీసుకుని, నిదానంగా తిప్పి బిగించాడు.

"నన్ను పంపింది హాడ్రెల్ గారి పలక విషయం మీద, భూముల మీద కాదు," అన్నాడు. "మిగతా పొట్టేళ్ళ సంగతి నన్నెవరూ అడగలేదు. అమ్మా, టీ ఇంకా ఉందా?"

బయట పిన్ని హారన్ కొట్టింది. బాబాయి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

*

పట్టాలు మార్చిలో వచ్చాయి, అందరికీ, మాకు కూడా. పలక ఏప్రిల్లో వచ్చింది, గడ్డి నింపిన చెక్కపెట్టెలో, రైల్లో. నాన్నని అంతకు వారం ముందే ఎడమవైపు వరసలోకి మార్చారు. పలకతోపాటు అమ్మ పెట్టుకున్న దరఖాస్తు కూడా తిరిగొచ్చింది, అందులో ఒక గడి ఉంది. కుటుంబం తరఫున ఒక్క వాక్యం రాయించుకోవచ్చట, చెక్కి పంపుతారట. అమ్మ ఆ గడి ఖాళీగా వదిలేసి పోయినేడాదే పంపించేసిందని అప్పుడే నాకు తెలిసింది. పలక మీద కింద రెండంగుళాల ఖాళీ కంచు మెరుస్తోంది.

ఆదివారం పొద్దున బిగించడానికి పోయాం. వాన పడి వెలిసింది. నేనూ, అమ్మా, పిన్నీ బాబాయీ, రెజ్, గాస్కిన్. మావిస్ కూడా వచ్చింది, పూలు పట్టుకుని, ఎవరూ పిలవకుండానే. బాబాయి, రెజ్ పలక ఎత్తి దిమ్మె మీద పెట్టారు. నాలుగు బోల్టులూ నాలుగు కన్నాల్లోకి జారిపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా మావిస్, మాంసం కొట్టే మొద్దు!" అంది పిన్ని. మావిస్ తనెప్పుడూ ఆ మాట అనలేదంది. అందరం నవ్వాం.

నవ్వుల మీద ఉషారొచ్చి బాబాయి స్పానరు పక్కన పెట్టాడు. పలక మీది పేరుని బొటనవేలితో రుద్దాడు. పట్టా చేతికొచ్చాక మనిషి పది కిలోలు తేలికయ్యాడు. మొన్ననే ఊరి డాక్టరు దగ్గరికి పోయి, గుండె మీద గొట్టం పెట్టించి చూపించుకుని కూడా వచ్చాడు.

"క్లెమ్ అంత మొండివాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు," అన్నాడు. "ఒక్కసారి డాక్టరుకి చూపించుకోరా, భూమి ఏమీ పారిపోదు అని ఎన్నిసార్లు బతిమాలానో. గాస్కిన్నే కావాలనేవాడు. ఈ ఖాళీ ఊరికే వదిలేశావు ఎనిడ్, 'మొండిఘటం' అని చెక్కించాల్సింది. వాడికి సరిగ్గా సరిపోయేది!"

రెజ్ పకపకా నవ్వాడు. గాస్కిన్ కూడా. అమ్మ గుడ్డతో పలక మీది చినుకులు తుడుస్తోంది. తుడవడం ఆపకుండానే అంది:

"మొండితనం కాదు ఆర్చీ. రెండుసార్లు డాక్టరు దగ్గరికి బయల్దేరి కార్లో కూచున్నాడు. పట్టా వచ్చాక చూపించుకుందువుగానిలే అని రెండుసార్లూ తాళం లాక్కున్నది నేను."